కార్ల ఫ్యాక్టరీ పక్కన ఊరుంటే కంపెనీని ఏం అడగాలి? (పెనుకొండ, హిందూపురం వైపు వాళ్లు తప్పకుండా రాయండి)

ఎర్రనేల

అందరికీ నమస్తే. మాది పెనుకొండకు దగ్గర్లోని పల్లె. రాత్రి మిద్దె ఎక్కితే కియా ఫ్యాక్టరీ లైట్లు కనిపిస్తాయి. ఊరి బడిలో పేరెంట్స్ కమిటీ బాధ్యత నా మీద పడింది కాబట్టి ఈ టాపిక్ మొదలుపెడుతున్నా.

విడిభాగాలు చేసే ఒక వెండర్ కంపెనీ నుంచి ఇద్దరు హెచ్‌ఆర్ వాళ్లు వచ్చారు. "ఊరికి, బడికి ఏం కావాలో రాసివ్వండి, సీఎస్‌ఆర్ కింద చూస్తాం" అన్నారు. సీఎస్‌ఆర్ అంటే కంపెనీ తన లాభంలో కొంత సమాజం కోసం ఖర్చుపెట్టడం. ఆ మాట బయటికి పొక్కగానే ఊళ్లో తలా ఒక కోరిక. సర్పంచ్ గారికి ఊరి ముందు ఆర్చి కావాలి. కొందరికి ఆర్వో ప్లాంటు, కుర్రాళ్లకు జిమ్. మా పెద్దాయన ఒకరు "అవన్నీ ఎందుకప్పా, ఇంటికొక ఉద్యోగం రాయి" అంటాడు. బడికి బెంచీలు, ఫ్యాన్లు నాడు–నేడులో వచ్చేశాయి, కాబట్టి అవి అక్కర్లేదు.

మిగతా చోట్ల కార్ల కంపెనీలు పక్క ఊళ్లతో ఎలా ఉంటున్నాయి? ఏం అడిగితే ఇస్తారు, ఏం అడిగితే నవ్వి ఊరుకుంటారు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. రాజకీయం వద్దు, పార్టీల గొడవ మొదలైతే ఈ టాపిక్ కూడా లాక్ అవుతుంది.

హైవే_44

రాజకీయం లేకుండా కియా గురించి మాట్లాడమంటే కష్టమే అన్నా :) అయినా కొత్తవాళ్ల కోసం కాస్త వెనక కథ చెప్తా.

2017 ఏప్రిల్‌లో ఒప్పందం. 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. 2019 జనవరిలో ట్రయల్ ప్రొడక్షన్, ఆగస్టులో సెల్టోస్ బయటికొచ్చింది, డిసెంబర్ 5న అసలు ప్రారంభోత్సవం. మధ్యలో ప్రభుత్వం మారింది కాబట్టి మొదటి ఫొటోలో ఒక ముఖ్యమంత్రి, చివరి ఫొటోలో ఇంకో ముఖ్యమంత్రి. 2023 జూలైకి 10 లక్షల కార్లు దాటాయి.

ఆగస్టు ఫంక్షన్‌లో జరిగింది గుర్తుందా? అప్పటి హిందూపురం ఎంపీ గోరంట్ల మాధవ్ గారు కొత్త కారు మీదనే మార్కర్‌తో రాశారు. కియా కారు బయటికొచ్చింది, అనంతపురం యువతకు మాత్రం చోటు లేదు అన్న అర్థం వచ్చేలా. కొరియా వాళ్లు పక్కనే నిలబడి ఉన్నారు. ఎవరి పార్టీ ఏదైనా సరే, ఊళ్లలో జనం అనుకుంటున్న మాట కారు మీదికే ఎక్కింది ఆ రోజు.

తర్వాత 2020 ఫిబ్రవరిలో ఫ్యాక్టరీ తమిళనాడుకు తరలించే ఆలోచన ఉందని రాయిటర్స్ వార్త. కంపెనీ కాదంది, ప్రభుత్వం కాదంది. కానీ పెనుకొండ, సోమందేపల్లి వైపు అప్పు చేసి అద్దె గదులు కట్టినవాళ్ల టెన్షన్ చూడాల్సింది.

నైట్‌షిఫ్ట్

నేను వెండర్ పార్క్‌లో పనిచేస్తున్నా. పేరు, కంపెనీ అడగొద్దు.

బయట వాళ్లకు తెలియని విషయం ఒకటి. "కియాలో ఉద్యోగం" అని ఊళ్లో అనుకునేవాటిలో చాలా వరకు కియావి కావు. వెండర్ కంపెనీవి, వాళ్ల కింద లేబర్ కాంట్రాక్టర్‌వి. జీతం వేసేది ఒకడు, పని చెప్పేది ఒకడు, గేటు పాస్ ఇచ్చేది ఇంకొకడు. ఊరి నుంచి వినతిపత్రం పట్టుకుని పెద్ద గేటు దగ్గరికి పోతే "ఆ కాంట్రాక్టర్ మా పరిధిలోకి రాడు" అంటారు. కాంట్రాక్టర్‌ను అడిగితే "పైనుంచి ఆర్డర్ తగ్గింది" అంటాడు.

కాబట్టి ఎర్రనేల అన్నా, మీ ఊరికి వచ్చిన వెండర్ వాళ్లతో మాట్లాడేటప్పుడు జిమ్, ఆర్చి పక్కన పెట్టి, మన ఊరి పిల్లలు ఎంతమంది వాళ్ల రోల్ మీద (కంపెనీ సొంత ఉద్యోగులుగా) ఉన్నారు, ఎంతమంది కాంట్రాక్టులో ఉన్నారు అని ముందు అడగండి. జవాబు చెప్పే తీరులోనే వాళ్ల సంగతి తెలిసిపోతుంది.

పకోడీబాబు

సర్పంచ్ గారికి ఆర్చి, దాని మీద కంపెనీ లోగో, లోగో కింద సర్పంచ్ ఫొటో. రెండు పక్షాలూ ఖుషీ. టాపిక్ క్లోజ్ చేయండి.

పద్దుపుస్తకం

నేను హైదరాబాద్‌లో సీఏని. కంపెనీల సీఎస్‌ఆర్ ఫైళ్లు చూస్తుంటాను. ఆర్చి విషయం ముందు తేల్చేద్దాం. కంపెనీల చట్టం 7వ షెడ్యూల్‌లో ఉన్న పనులకే సీఎస్‌ఆర్ డబ్బు ఖర్చుపెట్టాలి. చదువు, వైద్యం, తాగునీరు, పారిశుద్ధ్యం, వృత్తి శిక్షణ, పర్యావరణం, గ్రామీణ క్రీడలు, చారిత్రక కట్టడాల రక్షణ, గ్రామీణాభివృద్ధి లాంటివి అందులో ఉన్నాయి. ఊరి ఆర్చి, గుడి ప్రహరీ, జాతరకు సౌండ్ సిస్టమ్ లేవు. ఇవ్వాలనుకుంటే కంపెనీ తన జేబులోంచి ఇవ్వొచ్చు, సీఎస్‌ఆర్ లెక్కలో మాత్రం చూపలేదు.

ఇక అసలు చట్టం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం ఖర్చుపెట్టాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. లెక్క లాభం మీద. ఫ్యాక్టరీ ఎంత పెద్దదైనా కొత్తగా పెట్టి నష్టాల్లో ఉంటే ఆ ఏళ్లలో సీఎస్‌ఆర్ దాదాపు సున్నా కావచ్చు. అప్పుడు "ఇంత పెద్ద కంపెనీ, మా ఊరికి చిల్లిగవ్వ విదల్చలేదు" అని ఊళ్లో తిట్టుకుంటారు.

రెండోది, ఫ్యాక్టరీ చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అయితే అది సూచన మాత్రమేనని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వివరణ ఇచ్చింది. అందుకే డబ్బు ఎక్కడికైనా పోవచ్చు. మహీంద్రా వాళ్లు హరియాలి పేరుతో అరకు లోయలో లక్షల మొక్కలు నాటించారు. మంచి పనే, గిరిజన రైతుల కాఫీ తోటలకు నీడ దొరికింది. కానీ తెలుగు రాష్ట్రాల్లో వాళ్ల ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉన్నది జహీరాబాద్‌లో.

మూడోది, ఉద్యోగుల కోసం మాత్రమే చేసే ఖర్చు సీఎస్‌ఆర్ కిందికి రాదు. షిఫ్ట్ బస్సు, క్యాంటీన్ లాంటివి వాళ్ల వ్యాపార ఖర్చులు. వాటిని ఊరికి చేసిన మేలుగా చూపిస్తే ఒప్పుకోవద్దు.

ఎర్రనేల

సార్, చాలా థాంక్స్. మరి పెద్దాయన అడిగిన ఉద్యోగాల సంగతి?

పద్దుపుస్తకం

ఉద్యోగం సీఎస్‌ఆర్ కాదండీ, దాని దారి వేరు. స్థానికులకు 75 శాతం ఉద్యోగాలని 2019లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. హర్యానాలోనూ అలాంటి చట్టమే చేస్తే 2023 నవంబర్‌లో పంజాబ్–హర్యానా హైకోర్టు కొట్టేసింది. ఈ చట్టాలు చూపించి గేటు దగ్గర గట్టిగా అడిగినా, నైపుణ్యం ఉన్నవాళ్లు దొరకలేదనే జవాబు వాళ్ల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

దానికంటే అప్రెంటిస్ చట్టం పట్టుకోండి. 30 మంది, అంతకు మించి పనిచేసే చోట మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మందిని అప్రెంటిస్‌లుగా తీసుకోవడం తప్పనిసరి. 2.5కీ 15కీ మధ్య చాలా ఖాళీ ఉంది. "మీరు ఎంత శాతం తీసుకుంటున్నారు? అందులో మన మండలం ఐటీఐ పిల్లలు ఎందరు?" అని అడగడంలో తప్పులేదు, అది దానం కూడా కాదు.

బిడది_బస్సు

బెంగళూరు పక్కన బిడదిలో టయోటా ఉంది కదా, దాని సంగతి చెప్తా. 2007లో అక్కడ టయోటా టెక్నికల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ అని పెట్టారు. పదో తరగతి పాసైన కర్ణాటక పల్లెల పేద పిల్లలకు మూడేళ్ల రెసిడెన్షియల్ శిక్షణ. వెల్డింగ్, పెయింటింగ్, అసెంబ్లీ లాంటి పనులు నేర్పడంతో పాటు పొద్దున్నే లేచి పరుగు, వ్యాయామం, గది శుభ్రం, అన్నీ ఉంటాయి. ఖర్చంతా కంపెనీదే.

మా పక్కింటి అబ్బాయి అందులో చదివాడు. వాళ్ల నాన్న రేషం (పట్టు పురుగుల) రైతు. కొడుక్కి ఉద్యోగం వస్తుందనే చేర్పించాడు గానీ, వాడిలో వచ్చిన మార్పు చూసి ఆయనే ఆశ్చర్యపోయాడు. స్పానర్ వాడాక తుడిచి, ఎక్కడ తీశాడో అక్కడే పెడతాడు. ఇంట్లో కొడవలి కూడా అంతే.

మన వైపు కియా కూడా రాష్ట్ర స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌తో కలిసి డిప్లొమా, ఐటీఐ పిల్లలకు బేసిక్ ఆటోమొబైల్ కోర్సు నడిపింది. అయితే పదో తరగతి పిల్లల్ని తీసుకుని మూడేళ్లు పెంచడం వేరు, కొన్ని నెలల కోర్సు వేరు.

లెక్కలమాస్టారు

ఆర్వో ప్లాంటు అడిగేవాళ్ల కోసం మా ఊరి సంగతి రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పను. అది కార్ల కంపెనీ కూడా కాదు.

బడి ఆవరణలో షెడ్డు వేసి ప్లాంటు పెట్టారు. రిబ్బన్ కట్ చేశారు, కొబ్బరికాయ కొట్టారు, మండలం ఆఫీసర్లందరూ వచ్చారు, పిల్లలతో డాన్స్ చేయించారు. మా బోరు నీళ్లలో ఉప్పు, ఫ్లోరైడ్ రెండూ ఎక్కువ. మొదట్లో నీళ్లు బ్రహ్మాండంగా వచ్చాయి. పక్క ఊళ్ల నుంచి కూడా బైకుల మీద క్యాన్లు కట్టుకుని వచ్చేవాళ్లు.

ఆర్వోలో ముందు తెల్లటి దూది పొర ఉన్న ఫిల్టర్ గొట్టాలు ఉంటాయి. మా నీళ్లకు అవి కొద్ది వారాల్లోనే మట్టి రంగుకు తిరిగేవి. వాటిని మార్చాలి. మెంబ్రేన్‌కు (నీళ్లలో ఉప్పును ఆపే పొర) ఉప్పు పేరుకోకుండా చుక్కచుక్కగా ఒక మందు పడుతూ ఉండాలి. ఆ డబ్బా అయిపోయిన రోజు ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే అది ఎందుకుందో చెప్పినవాళ్లు లేరు. మెంబ్రేన్ పట్టేసింది. కొత్తది వేయాలంటే వేలల్లో ఖర్చు. కరెంటు బిల్లు బడి పేరున వస్తోంది. బడి డబ్బుతో ఊరికి నీళ్లేమిటని హెడ్మాస్టరు, బడిలో ఉన్న ప్లాంటుకు పంచాయతీ డబ్బులెందుకని సెక్రటరీ. కంపెనీకి ఫోన్ చేస్తే అప్పటి మేనేజర్ బదిలీ అయ్యాడన్నారు.

ఇప్పుడు ఆ షెడ్డులో వేరుశనగ కాయల బస్తాలున్నాయి. గోడ మీద లోగో మాత్రం మెరుస్తోంది. జనం ఆటోలో వచ్చే 20 లీటర్ల క్యాన్లు కొంటున్నారు.

పద్దుపుస్తకం

మాస్టారూ, మీరు చెప్పినది చాలా ఫైళ్లలో చూశాను. దీనికి కారణం కూడా కొంత రూల్స్‌లోనే ఉంది. 2021లో మారిన నిబంధనల ప్రకారం సీఎస్‌ఆర్ డబ్బుతో కొన్న ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదు. ప్రభుత్వ సంస్థ పేరునో, రిజిస్టర్ అయిన ట్రస్టు, సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేని సంస్థ) లాంటి వాటి పేరునో, లబ్ధిదారుల సంఘాల పేరునో ఉండాలి. అంటే రిబ్బన్ కట్ అయ్యాక ప్లాంటు మీదే. దాని రిపేరూ మీదే.

కానీ అదే రూల్స్‌లో ఒక వెసులుబాటు ఉంది. దాన్ని "కొనసాగుతున్న ప్రాజెక్టు"గా చూపిస్తే మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్లు ఖర్చుపెట్టొచ్చు. కాబట్టి ప్లాంటు ధర ఒక్కటే అడగకండి. మూడేళ్ల ఏఎంసీ (నిర్వహణ కాంట్రాక్టు), ఫిల్టర్లు, ఆపరేటర్ జీతం, ఊళ్లో ఇద్దరికి శిక్షణ, అన్నీ కలిపి ఒకే ప్రాజెక్టుగా రాయండి. ఒప్పుకునే కంపెనీలున్నాయి, ఎందుకంటే వాళ్లకూ ఏటా కొత్త ఊరు వెతుక్కునే బాధ తప్పుతుంది.

ఇంకో చిట్కా. అడిగే టైం ముఖ్యం. చాలా కంపెనీల్లో ఆర్థిక సంవత్సరం మొదట్లో బడ్జెట్ ఖరారవుతుంది. ఫిబ్రవరి, మార్చిలో వచ్చి "అర్జెంటుగా లిస్టు ఇవ్వండి" అన్నారంటే మిగిలిన డబ్బు వదిలించుకునే తొందర. అప్పుడు వచ్చేవి స్కూల్ బ్యాగులు, నీళ్ల బాటిళ్లు, ఫొటోలు.

ఫాదర్_గారి_జిల్లా

అనంతపురం వాళ్లకు ఒక ప్రత్యేక సమస్య ఉంది. మనం ఎవరినైనా రెండు కొలతలతో కొలుస్తాం. ఒకటి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు). 1969 నుంచి ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ గారు మొదలుపెట్టిన పని. ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి. రెండోది సత్యసాయి ట్రస్టు. 90ల్లో జిల్లాలో వందల ఊళ్లకు తాగునీళ్లు ఇచ్చింది, పుట్టపర్తిలో సూపర్ స్పెషాలిటీ వైద్యం ఉచితం. ఇవి చూసిన కళ్లతో కంపెనీ ఇచ్చే పది బెంచీలు చూస్తే ముష్టిలా అనిపిస్తుంది.

కానీ పోలిక సరికాదు. ఆర్డీటీ మన ఊళ్లోకి వచ్చింది మన కోసం. కార్ల కంపెనీ వచ్చింది కార్లు చేసుకోవడానికి. అది నేరమేమీ కాదు. వ్యాపారం సరిగ్గా చేసి, జీతం టైంకి ఇచ్చి, పీఎఫ్ కట్టి, మురుగునీళ్లు మన వంకల్లోకి వదలకుండా ఉంటే సగం సేవ అయిపోయినట్టే.

సత్యసాయి నీళ్ల పథకంలో కూడా తర్వాత నిర్వహణ ప్రభుత్వం నెత్తిన పడింది. జీతాలు రాలేదని కార్మికులు సమ్మె చేస్తే ఊళ్లకు నీళ్లు ఆగిన రోజులున్నాయి. అంత గొప్ప పనికే ఆ గతి పట్టింది. మాస్టారి ఊరి ఆర్వో ఎంత?

నల్లరేగడి

>> కార్ల కంపెనీ వచ్చింది కార్లు చేసుకోవడానికి. అది నేరమేమీ కాదు.

నేరం అని ఎవరన్నారు? కానీ ఊరికే రాలేదు కదా సార్. భూమి ప్రభుత్వం సేకరించి ఇచ్చింది. పన్ను రాయితీలు ఇచ్చింది. దేశంలోనే తక్కువ వాన పడే జిల్లాల్లో మన ఉమ్మడి అనంతపురం ఒకటి, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే. అలాంటి చోట గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి ఫ్యాక్టరీకి నీళ్లు. కృష్ణా నీళ్లు శ్రీశైలం వెనక నుంచి హంద్రీ–నీవాలో ఎత్తిపోసుకుంటూ కొండలు దాటి ఇంత దూరం వస్తున్నాయి. ఆ ఎత్తిపోతల కరెంటు ఖర్చు ఎవరిది? మన పన్నులదే. అంటే మనం ముందే పెట్టుబడి పెట్టాం. ఇప్పుడు అడిగేది అందులో వాటా, దానం కాదు.

నా వరకు అయితే ఒకటే అడుగుతా. చెరువులు. మా వైపు చెరువుల్లో పూడిక తీసి, తూము బాగు చేసి, సప్లై చానల్‌లో (చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ) ముళ్లకంప కొట్టించండి. వాన పడిన ఏడాది బోర్లు ఊరతాయి. పర్యావరణం, గ్రామీణాభివృద్ధి కింద అది 7వ షెడ్యూల్‌లోకి వస్తుంది కదా సీఏ గారూ?

పద్దుపుస్తకం

భేషుగ్గా వస్తుంది. నీటిపారుదల శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న లెటర్) జతచేయండి. లేకపోతే ఫైల్ అక్కడే ఆగుతుంది.

హైవే_44

నల్లరేగడి అన్నా, న్యాయమే కానీ ఒక మాట. గొల్లపల్లికి నీళ్లు అంత త్వరగా రావడంలో కియా తొందర కూడా కలిసొచ్చిందని మన వైపు అందరూ అనుకునేదే. ఫ్యాక్టరీ రాకపోతే ఆ కాలువ ఇంకెన్నేళ్లు నానేదో.

నల్లరేగడి

అదే నా బాధ కూడా. రైతు అడిగితే రాని నీళ్లు కారు అడిగితే వచ్చాయి.

టెల్కో_తెలుగు

జంషెడ్‌పూర్ నుంచి. మా తాతలు శ్రీకాకుళం నుంచి ఇక్కడికి పనికొచ్చారు. ఇక్కడ తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, బిష్టుపూర్‌లో మన రామమందిరం కూడా ఉంది. టాటా మోటార్స్ ఇక్కడ 1945లో టెల్కోగా మొదలైంది. దాని చుట్టూ ఉన్న కాలనీనే ఇప్పటికీ టెల్కో అంటాం.

మీరందరూ కంపెనీ ఊరికి ఎంత ఇవ్వాలి అని మాట్లాడుతున్నారు. మా దగ్గర కంపెనీలే ఊరు. నీళ్లు, కరెంటు, రోడ్లు, చెత్త, ఆసుపత్రి, పార్కు, స్టేడియం, అన్నీ టాటాల చేతిలోనే పెరిగాయి. కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు నేరుగా తాగుతాం అని బంధువులకు గొప్పగా చెప్పుకుంటాం. అయితే క్వార్టర్స్‌లో ఉన్నవాడికి ఒక ఊరు, గేటు అవతల బస్తీలో ఉన్నవాడికి ఇంకో ఊరు. మా నాన్న రిటైర్ అయి క్వార్టర్ ఖాళీ చేశాక బస్తీలో ఇల్లు కట్టుకుంటే, అదే నగరంలో నీళ్ల కోసం బిందెలు పట్టుకుని నిలబడ్డాం.

ఇంత పెద్ద నగరానికి ఎన్నికైన కార్పొరేషన్ లేదు. కావాలా, కంపెనీయే చూసుకోవాలా అన్న వాదన దశాబ్దాలుగా కోర్టుల్లో నలిగింది. జనంలో కూడా సగం మంది "మున్సిపాలిటీ వస్తే ఇంత శుభ్రంగా ఉంటుందా" అంటారు. నాకైతే వీధి లైటు వెలగకపోతే గట్టిగా అడగడానికి ఒక కౌన్సిలర్ కావాలి. కంపెనీ ఆఫీసులో విన్నవించుకోవచ్చు, నిలదీయలేం కదా.

గ్వాంగ్జు_గుంటూరోడు

కొరియాలో గ్వాంగ్జులో ఉంటున్నా. కియాకు ఇక్కడ పెద్ద ప్లాంటు ఉంది. పెనుకొండ మాట వస్తే ఆఫీసులో వాళ్లకు వెంటనే తెలుస్తుంది, పలకడం మాత్రం రాదు.

ఇక్కడ కియా అంటే జనానికి ముందు గుర్తొచ్చేది బేస్‌బాల్. 2001లో హైతాయ్ టైగర్స్ అనే స్థానిక టీమ్‌ను కియా కొన్నది. ఆ హైతాయ్ ఒక తినుబండారాల కంపెనీ, అప్పులపాలైంది. ఊరి టీమ్ పోకుండా నిలబడింది. 2014లో తెరిచిన స్టేడియం పేరులోనే గ్వాంగ్జు, కియా రెండూ ఉన్నాయి. 2024లో టైగర్స్ 12వ టైటిల్ గెలిచినప్పుడు ఊరంతా రోడ్ల మీదే. టాక్సీ డ్రైవర్ కియా జీతాల గొడవల మీద అరగంట తిట్టి, అదే నోటితో టైగర్స్ స్కోర్ చెప్తాడు.

ఇంకోటి మనవాళ్లు చూడాల్సింది. 2019లో ఇక్కడ గ్వాంగ్జు గ్లోబల్ మోటార్స్ అని కంపెనీ పెట్టారు. అందులో పెద్ద వాటాదారు గ్వాంగ్జు నగరమే, తర్వాత హ్యుందాయ్. జీతం మామూలు కార్ల ఫ్యాక్టరీ కంటే తక్కువ, దానికి బదులు ఇల్లు, ఇతర సదుపాయాల్లో ప్రభుత్వం సాయం. యువత సియోల్‌కు పోకుండా ఊళ్లోనే ఉండాలని. 2021 నుంచి క్యాస్పర్ అనే చిన్న కారు అక్కడే తయారవుతోంది. యూనియన్లతో తగాదాలు చాలానే ఉన్నాయి. కానీ ఊరే వాటాదారు కాబట్టి లెక్కలు బల్ల మీద ఉంటాయి.

పకోడీబాబు

అంటే పెనుకొండ పంచాయతీకి కియాలో షేర్లు అడగమంటారా బ్రదర్? ఆర్చి కంటే ఇది బాగుంది. సర్పంచ్ గారు బోర్డు మీటింగ్‌లో కొరియన్ సూప్ తాగుతుంటే చూడాలి.

గ్వాంగ్జు_గుంటూరోడు

నవ్వుకోండి :) నేను చెప్పేది టీమ్ గురించి. అనంతపురంలో ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్ ఉంది, మంచి గ్రౌండ్లు ఉన్నాయి. కియా ఒక జిల్లా లీగ్ నడిపితే, పల్లె పిల్లల కబడ్డీ, హాకీ, ఏదైనా సరే, పది బడులకు రంగులు వేసినదానికంటే ఎక్కువమంది గుర్తుపెట్టుకుంటారు.

సంఘం_లీడర్

మగవాళ్లు ఇంతసేపు మాట్లాడారు, ఒక్కరూ లైట్ల గురించి రాయలేదు. నేను డ్వాక్రా సంఘం నుంచి.

మా ఊరి ఆడపిల్లలు వెండర్ కంపెనీల్లో వైరింగ్, సీటు కవర్ల పనికి పోతున్నారు. షిఫ్ట్ బస్సు హైవే మీద దింపేసి పోతుంది. అక్కడి నుంచి ఊళ్లోకి నడక. లారీలు ఎలా పోతాయో తెలుసు కదా, ఇటు నుంచి అటు దాటాలంటే గుండె గుబగుబలాడుతుంది. చీకట్లో కుక్కలు, తాగుబోతులు. ఒక పిల్లను ఇంట్లోవాళ్లు మాన్పించారు, జీతం నచ్చక కాదు, ఈ దారి భయానికి. కంపెనీ బస్సు ఇంకొంచెం లోపలికి రావడం, ఒక షెల్టరు, ఆ దారి పొడవునా సోలార్ లైట్లు. వీటికి ఎంత అవుతుంది? ఆర్చి ఖర్చులో సగం కాదు.

రెండో మాట. ఫ్యాక్టరీ వచ్చాక అద్దెలు పెరిగాయి, స్థలాలు పెరిగాయి, హోటళ్లు వచ్చాయి, కొరియా అక్షరాల బోర్డులు కూడా వచ్చాయి. బాగుపడింది ఎవరంటే స్థలం ఉన్నవాళ్లు. భూమి లేని మాలాంటి వాళ్లకు గది అద్దె కూడా భారమే. అందుకే మా సంఘాలకు ఏదైనా ఆర్డరు ఇవ్వమని అడుగుతున్నాం. చేతి తొడుగులు, యాప్రాన్లు కుట్టే పని, క్యాంటీన్‌కు రొట్టెలు, పచ్చళ్లు, కూరగాయలు. శిక్షణ ఇస్తామని కుట్టుమిషన్లు పంచుతారు, ఫొటో దిగుతారు. మిషన్ అయితే మా ఇంట్లో ఉంది. ఆర్డర్ ఏదీ?

నైట్‌షిఫ్ట్

అక్కా, ఈ టాపిక్ మొత్తానికి ఇదే సరైన పోస్టు. బస్సు విషయం లోపల నేను కూడా ఎత్తుతా. రూట్లు చూసేది ట్రాన్స్‌పోర్ట్ కాంట్రాక్టర్, సంతకం మాత్రం అడ్మిన్ డిపార్ట్‌మెంట్‌ది. కాబట్టి లెటర్ హెచ్‌ఆర్‌కు కాకుండా ప్లాంట్ హెడ్ పేరున రాసి, కాపీ హెచ్‌ఆర్‌కు, అడ్మిన్‌కు పెట్టండి. హెచ్‌ఆర్ ఒక్కడికే ఇస్తే డ్రాలోకి పోతుంది.

బిడది_బస్సు

సంఘం లీడర్ గారు చెప్పిన ఆర్డర్ల మాట మీద ఒక హెచ్చరిక. కార్ల ఫ్యాక్టరీలో చిన్న గ్లవ్స్‌కు కూడా క్వాలిటీ టెస్ట్, టైంకి సప్లై, జీఎస్టీ బిల్లు అడుగుతారు. ఒక సంఘంగా పోతే కుదరదు, మండల సమాఖ్యగా పోండి. మొదట చిన్న ఆర్డర్ తీసుకోండి. ఒక్కసారి సప్లై ఆలస్యమైతే రెండో ఆర్డర్ రాదు.

తాళపత్రం

ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతా. పెనుకొండ విజయనగర రాజులకు రెండో రాజధాని. కోట గోడలు, గగన్ మహల్, బాబయ్య దర్గా. లేపాక్షి ఎంతో దూరం లేదు. చారిత్రక కట్టడాల రక్షణ 7వ షెడ్యూల్‌లో ఉందని సీఏ గారే రాశారు. పురావస్తు శాఖతో కలిసి చేయాలి, సొంతంగా సిమెంటు పూస్తే ఉన్నది పోతుంది. కొరియా నుంచి వచ్చేవాళ్లను ఫ్యాక్టరీ చూపించి పంపేస్తున్నారు. కోట కూడా చూపించొచ్చు.

ఎర్రనేల

అందరికీ దండాలు. ఇన్ని వస్తాయనుకోలేదు. గ్రామసభ పెట్టే ముందు నేను రాసుకున్నది ఇక్కడ పెడుతున్నా, చూసి చెప్పండి.

ప్లాంట్ హెడ్ పేరున లెటర్. మొదట హైవే నుంచి ఊరి దాకా లైట్లు, షెల్టరు, షిఫ్ట్ బస్సు ఊళ్లోకి రావడం. తర్వాత బడి దగ్గర ఆర్వో, మూడేళ్ల నిర్వహణతో కలిపి, ఆస్తి పంచాయతీ పేరున, కరెంటు మీటర్ విడిగా. చెరువు పూడిక, సప్లై చానల్. అప్రెంటిస్‌ల లెక్క అడుగుతూ ఒక పేరా, అది కోరికగా కాకుండా ప్రశ్నగా. మండల సమాఖ్యకు ట్రయల్ ఆర్డర్. గ్రామసభ తీర్మానం కాపీ జత.

కంపెనీ గతంలో ఎక్కడ ఎంత ఖర్చుపెట్టిందో ముందే తెలుసుకునే మార్గం ఏమైనా ఉందా? ఆర్టీఐ వేయొచ్చా?

పద్దుపుస్తకం

ప్రైవేటు కంపెనీ మీద నేరుగా ఆర్టీఐ పనిచేయదు. కలెక్టరేట్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో వేయొచ్చు, వాళ్ల ద్వారా జరిగిన పనుల వివరాలు వస్తాయి. దానికంటే ముందు నేషనల్ సీఎస్‌ఆర్ పోర్టల్ చూడండి, కంపెనీ పేరు కొడితే ఏ రాష్ట్రంలో ఎంత ఖర్చు, ఏ రంగంలో అనేది ఉంటుంది. కంపెనీకి వెబ్‌సైట్ ఉంటే సీఎస్‌ఆర్ కమిటీ, పాలసీ, ఆ ఏడాది ప్రాజెక్టులు అందులో పెట్టాలి. మీ దగ్గరికి వచ్చిన వెండర్ పరిమాణం చిన్నదైతే అసలు 135 పరిధిలోకి వస్తుందా అన్నది కూడా చూసుకోండి. రాకపోతే లైట్లు, బస్సు వరకే అడగండి, చెరువు పెద్ద కంపెనీకి రాయండి.

డ్రాఫ్ట్ బాగుంది. "మా వెనుకబడిన గ్రామాన్ని దయతో ఆదుకోవాలని ప్రార్థన" లాంటి వాక్యాలు ఉంటే తీసేయండి. ఏ పని, ఎక్కడ, ఎవరి అనుమతి ఉంది, తర్వాత ఎవరు చూసుకుంటారు, ఇవి చాలు.

లెక్కలమాస్టారు

ఎర్రనేల గారూ, ఆర్వో పేరా పంపే ముందు బోరు నీళ్ల శాంపిల్ ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబ్‌లో ఇవ్వండి. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు), ఫ్లోరైడ్, హార్డ్‌నెస్ మూడూ రాయించుకోండి. ఎండాకాలం శాంపిల్ అయితే మేలు, వానల తర్వాత తీస్తే తక్కువ చూపిస్తుంది. ఆ రిపోర్టు లేకుండా కొటేషన్ ఇచ్చే సప్లయర్ అందరికీ ఒకటే మోడల్ అంటగడతాడు. వృథాగా పోయే ఉప్పు నీళ్లు ఎక్కడికి వదులుతారో కూడా అందులో రాయమనండి. మా దగ్గర ఆ నీళ్లు బడి వెనక ఉన్న కానుగ చెట్ల మొదట్లోకి వదిలారు, రెండు ఎండిపోయాయి.

ఎర్రనేల

సరే మాస్టారూ. శాంపిల్ సోమవారం పంపిస్తా. రిపోర్టు రాగానే ఇక్కడే పెడతాను.